రోడ్డు మునిగిన రోజు ఇచ్చిన రొట్టె

మా ఉపదేశిగారు పోతే చర్చి గంట కొట్టలేదు. సమాధుల తోట గేటు తాళం తీయలేదు. ముప్పై ఏళ్లకు పైగా ఆ గంట తాడు లాగిన మనిషిని, ఆ తోటలో పిచ్చిమొక్కలు పీకిన మనిషిని తీసుకెళ్లి పంచాయతీ శ్మశానంలో ఒక మూల పూడ్చుకున్నాం. పాస్టరుగారు రాలేదు. కమిటీ సెక్రటరీగారు మాత్రం ఫోన్లో ఒక మాట సెలవిచ్చారు: "సంఘం రిజిస్టర్లో ఆయన పేరు లేదు కదా బాబూ, మేమేం చేస్తాం చెప్పు?"

పేరు ఎందుకు లేదు? ఉంది. దాని మీద ఎర్ర సిరాతో గీత కొట్టింది మీరే.

ఆ గీత ఎందుకు పడిందో తెలియనివాళ్ల కోసం ఇది రాస్తున్నాను. తెలిసినవాళ్లు సిగ్గుపడడానికి చదవొచ్చు.

ఉపదేశి అంటే పాస్టరు లేని ఊళ్లో ప్రార్థన నడిపే మనిషి. పిల్లలకు వాక్యం చెబుతాడు, జబ్బు చేసినవాళ్ల మంచం పక్కన కూర్చుంటాడు. పాస్టరుగా అభిషేకం ఉండదు. అందుకని బల్ల, అంటే ప్రభువు పేరిట ఇచ్చే రొట్టె, ద్రాక్షరసం, ఆయన చేత్తో ఇవ్వకూడదు. నెలకోసారి కైకలూరు నుంచి పాస్టరుగారు కొల్లేటి మధ్యనున్న మా లంకకు కారులో వస్తారు. ఆయన ఇస్తేనే బల్ల. మిగతా ఇరవై తొమ్మిది రోజులూ మోసేది ఉపదేశి.

నేను కైకలూరులో ఐసు ఫ్యాక్టరీలో దిమ్మలు కొడతాను. పదో తరగతి తప్పాను. లంకకు వెళ్లే ఆటో కోసం ఉపదేశిగారు మధ్యాహ్నం మా షెడ్డు నీడకు వచ్చి చేపల ట్రే బోర్లించి కూర్చునేవారు. ఎంత చిన్నవాణ్ణయినా "ఏవండీ" అనే పిలిచేవారు. నన్ను జీవితంలో మొదట "అండీ" అన్న పెద్దమనిషి ఆయనే. ఒకరోజు నేను, మన మతం దొరలు బంగళా కట్టినప్పుడు మొదలైంది కదండీ అన్నాను. ఆయన పొట్ట పట్టుకుని నవ్వారు.

"మధ్యలో పదిహేడు పద్దెనిమిది వందల ఏళ్లు ఎవరి జేబులో వేశారండీ?" అన్నారు.

అక్కడ మొదలైంది నా చదువు. ఏలూరులో పాత పుస్తకాల కొట్టు నుంచి ఆయన తెచ్చిన అట్టలేని సంఘ చరిత్ర పుస్తకాలు, చేపల వాసన పట్టిన చేతులతోనే చదివాను. ఆయన చరిత్రను పక్కవీధి తగువులా చెప్పేవారు. మొదట్లో ఇళ్లలోనే కూడుకునేవారట, రొట్టె చేతి నుంచి చేతికి వెళ్లేదట. తర్వాత గురువులు ద్రాక్షరసం గిన్నెను తమ దగ్గరే పెట్టుకుని జనానికి రొట్టె మాత్రమే ఇచ్చారట. అందరికీ గిన్నె ఇవ్వాలని ఐరోపాలో బొహేమియా అనే చోట జనం యుద్ధాలే చేశారట. ఆ తర్వాత జర్మనీలో ఒక సన్యాసి లేచి, నమ్మినవాళ్లందరూ యాజకులే అన్నాడు. "మన సంఘం నిలబడ్డ పునాది ఆ ఒక్క మాటేనండీ," అనేవారు. వెంటనే కళ్లజోడు తుడుచుకుంటూ, "పోపుగారిని వదిలేశాం. కుర్చీ మాత్రం బండిలో వేసుకుని తెచ్చుకున్నాం," అనేవారు.

ఇక అసలు సంగతి. రెండేళ్ల కిందట కొల్లేరు పొంగి మా లంక రోడ్డు మునిగింది. మా వీధి చివర ఒక మామ్మ కొన ప్రాణంతో ఉంది. ఆవిడ అడిగింది ఒక్కటే, బల్ల. ఉపదేశిగారు నా ఎదురుగానే పాస్టరుగారికి ఫోన్ చేశారు.

"నీళ్లు తగ్గనివ్వండి, ఆదివారం చూద్దాం," అన్నారు పాస్టరుగారు.

"ఆవిడ ఆదివారం దాకా ఆగేలా లేదండీ."

"ప్రార్థన చేయండి."

అదే రోజు, అదే నీళ్లలో, సెక్రటరీగారి ట్రాక్టరు ఆయన రొయ్యల చెరువుకు మేత బస్తాలు తెచ్చింది. మేత రాగలిగింది. మేపేవాడు రాలేకపోయాడు.

ఉపదేశిగారు ఫోన్ జేబులో పెట్టుకుని మామ్మ ఇంట్లోకి వెళ్లారు. తర్వాత మామ్మ కోడలు ఇచ్చిన ఎండుద్రాక్ష వేణ్ణీళ్లలో నానబెట్టి పిసికారు. స్టీలు గ్లాసులో పోశారు. చపాతీ ముక్క విరిచారు. మామ్మ తాగి, "చాలయ్యా," అంది. మర్నాడు పొద్దున్న పోయింది.

నీళ్లు తగ్గాక కమిటీ కూర్చుంది. నేనూ వెనక నిలబడ్డాను.

"అభిషేకం లేని చేత్తో ఎలా ఇచ్చారండీ?" అన్నారు సెక్రటరీగారు. "రేపు టీ కొట్టువాడు కూడా ఇస్తాడు!"

అందరూ నవ్వారు. ఉపదేశిగారు నవ్వలేదు.

"క్రమం ఉండాలండీ, నేను కాదనను. ఆ జర్మనీ సన్యాసి కూడా దొరికినవాణ్ణల్లా బల్ల దగ్గర నిలబడమనలేదు. కానీ క్రమం రోడ్డు ఉన్నప్పుడండీ. రోడ్డు మునిగినప్పుడు మనిషి."

పాస్టరుగారు, ఆ చెయ్యి తగిలి బల్ల సంస్కారమే చెడింది అన్నారు. ఇచ్చేవాడి చెయ్యి చెడ్డదైతే ఇచ్చింది చెడుతుందా అని ఉత్తర ఆఫ్రికా సంఘాల్లో పదహారు వందల ఏళ్ల కిందటే కొట్టుకున్నారు. చెడదు, ఇచ్చేది ప్రభువు, అని తేల్చారు. ఐసు కొట్టేవాడికి తెలిసిన ఈ సంగతి, గోడకు క్రైస్తవ వేదాంత డిగ్రీ ఫ్రేము కట్టించుకున్నాయనకు తెలియలేదు. తెలిసీ అన్నాడేమో. అదైతే ఇంకా నీచం.

ఆ రోజే గీత పడింది. అప్పటినుంచి ఆయన బల్లకు దూరం. అయినా ప్రతి ఆదివారం వచ్చి ఆఖరి బెంచీలో కూర్చునేవారు. బల్ల ఉన్న ఆదివారం రొట్టె పళ్లెం ఆయన్ని దాటి వెళ్లేది. పక్కనున్న ఆయన భార్య, మేమంతా అమ్మగారు అని పిలిచే ఆవిడ, ఆ రోజు నుంచి తానూ తీసుకోలేదు. ఎవరూ ఎందుకని అడగలేదు.

ఆ జర్మనీ సన్యాసి తిరుగుబాటును తలుచుకునే సంస్కరణ ఆదివారం నాడు పాస్టరుగారు మైకు పగిలేలా అరిచారు: "దేవుడికీ మనకీ మధ్య ఏ మనిషీ అక్కర్లేదు!" జనం ఆమెన్ అన్నారు. వెనక బెంచీ నుంచి మెల్లగా ఒక గొంతు, "మరైతే నన్నెవరండీ ఆపింది?" అంది. రెండు వరసల వాళ్లకే వినపడింది. ఆ రెండు వరసల వాళ్లూ పాటల పుస్తకంలో తల దూర్చారు. వాళ్లలో నేనూ ఉన్నాను. నా మీద నాకున్న అసహ్యం కూడా ఈ కాగితంలో ఉంది.

ఆఖరి వారం ఏలూరు ఆసుపత్రిలో ఆయన్ని చూశాను. తప్పైందని రాసిస్తే కమిటీ క్షమిస్తుందట కదండీ అన్నాను, సాయం చేస్తున్నాననుకుని.

"మామ్మకి ఇచ్చింది తప్పని రాయాలాండీ?" అన్నారు. "ఆవిడ తాగేసింది కదా. ఇప్పుడు వెనక్కెలా తీసుకుంటాను?"

నాకు చరిత్రంతా నేర్పినాయన నన్నడిగిన ఆఖరి ప్రశ్న అది.

సంఘ కమిటీవారూ, వినండి. రిజిస్టర్లో ఆ గీత తప్పని, ఉపదేశిగారు చనిపోయే నాటికి మన సంఘంలో పూర్తి సభ్యుడని, పాస్టరుగారు ఆరాధనలో నిలబడి చదవాలి. అమ్మగారు ఎదురుగా ఉండగా చదవాలి. చదువుతామని మీ అందరి సంతకాలతో కాగితం మీద జవాబివ్వాలి. వచ్చే నెల మొదటి ఆదివారం బల్ల ఉంది. దానికి ముందు రోజు, శనివారం సాయంత్రం ఐదింటి దాకా గడువు.

జవాబు రాకపోతే ఆ ఆదివారం ఐసు ఫ్యాక్టరీవాళ్లం పదకొండు మందిమి అమ్మగారి అరుగు మీద కూర్చుని రొట్టె విరుచుకుంటాం. పాస్టరుగారు కూడా రావచ్చు. ఆయన్ని ఎవరూ దూరం పెట్టరు.