పాల గొట్టం మీద నేను గీసిన గీత

సర్కారుకు శాస్త్ర సలహా ఇచ్చి, ఆ సలహా ప్రకారం కన్నతండ్రి పాలనే మురికి మోరీలో పోయించిన నిపుణుణ్ణి మీరు చూసి ఉండరు. ఇప్పుడు చూడండి. సిగ్గుపడే పని నాది, నవ్వే పని మీది.

నిజాం పాలన రోజులవి. నేను రసాయన శాస్త్రంలో పట్టా పుచ్చుకొని మూడు నెలలైంది. ధూల్‌పేటలోని మా ఇంట్లో నాకన్నా ముందు బడి గడప తొక్కింది మా బర్రె ఒక్కటే. అదీ తాడు తెంపుకొని. నగరంలో పాలలో నీళ్లు ఎక్కువయ్యాయని ఫిర్యాదులు రాగా, తనిఖీకి ఒక పద్ధతి సూచించేందుకు సర్కారు బయటి నిపుణుణ్ణి వెతికింది. మా ఆచార్యులు నా పేరు చెప్పారు. దఫ్తరులో అధికారి సాహెబు ఎదుట నిలబడి, మా బాపు పాలు అమ్ముతాడని దాచకుండా విన్నవించాను.

"నిజం చెప్పిండ్రు, షాబాష్," అన్నారాయన. "మగర్ ఇంటి మాట రిపోర్టుల రావొద్దు. సమజైందా?"

సమజైంది, అవసరానికి మించి సమజైంది. స్వతంత్ర నిపుణుడంటే పాలతో సంబంధమున్న మనిషిని ఏమీ అడగనివాడని తీర్మానించుకున్నాను. రెండు వారాలు మా ఇంట్లో పాల మాట నిషేధించాను. పాలు పిండే ఇంట్లో!

"ఏందిరా నర్సింలు, గాజు గొట్టం ఏసి పాలు చూస్తరంట గద?" అన్నాడు బాపు, అన్నం ముందు కూర్చొని.

"అది సర్కారు ముచ్చట బాపూ."

"గది కాదు బిడ్డా, పాలు పిండంగనే..."

"నువ్వు చెప్పొద్దు, నేను వినొద్దు."

బాపు అమ్మవైపు తిరిగాడు. "వీనికి చదువెక్కిందా, జొరమెక్కిందా?"

అమ్మ చల్ల గిన్నె ఎత్తి నన్నడిగింది: "ఇది పొయ్యాల్నా, ఇది గూడ సర్కారుదేనా?"

నేను చలించలేదు. ప్రయోగశాలలో చల్లారిన పాలలో లాక్టోమీటరనే గాజు గొట్టాన్ని తేలించి, నీళ్లు కలిపినకొద్దీ అది లోతుకు దిగడం చూసి, దానిమీద ఒక గీత నిర్ణయించాను. గీత మునిగితే పాలు మోరీకి, అమ్మకపు పర్వానా రద్దు. నివేదిక ఒక్క పేజీ.

"అరె వాహ్! ఒక్కటే కాగజ్!" అని మురిసిన సాహెబు, తొలి తనిఖీ మా పేటలోనే పెట్టి నన్నూ వెంట రమ్మన్నారు.

తెల్లవారి వరుసలో మొదట నిలబడింది బాపే. రెండు కడవలు, పిండి అరగంటైనా కాలేదు, ఇంకా వెచ్చగా ఉన్నాయి. గొట్టం వేశారు. అది స్నానానికి దిగినట్టు దిగి, నా గీతను ముంచి కూర్చుంది. జవాను కడవ వంచాడు. వీధికుక్కలకు అంతటి విందు మళ్లీ దొరికి ఉండదు. ఏళ్ల తరబడి ఆ గల్లీలో ఎవరూ బాపు పాలను శంకించలేదు. ఇప్పుడు గుంపు గుసగుసలాడుతోంది.

వెనుక సత్తయ్య ఉన్నాడు. ఆయన పోసేవి పాలు కావు, మూసీ నీళ్లని పేటంతా అనుకునేది. ఆయన పాలలో గొట్టం రాజావారిలా తేలింది.

"పాస్!" అన్నాడు జవాను.

సత్తయ్యే ఉలిక్కిపడ్డాడు. "నాయేనా సాబ్? ఇంకోపారి చూడుండ్రి!"

సాహెబు బాపు పర్వానా అందుకొని కలం తీశారు.

"ఆగుండ్రి సాబ్," అన్నాడు బాపు. "ఎచ్చటి పాలల్ల గది మునుగుతది. నేను పాలు పోసే చాయ్ హోటల్ల గిసొంటి గొట్టమే ఏస్తరు, నాలుగేండ్ల సంది చూస్తున్న. రెండో కడువ జర చల్లారనియ్యుండ్రి. సత్తిగాడు మీగడ తీసిండు. తీస్తె పాలు బరువైతయి, నీళ్లు పోస్తె మల్ల సరిపోతయి."

సాహెబు నావైపు తిరిగారు. "మీరేమంటరు?"

ఆగమంటే కొడుకు తండ్రిని కాచాడంటారు. వద్దంటే బాపు బతుకుతెరువు పోతుంది. అన్నిటికన్నా ఘోరమేమంటే, బాపు చెప్పినదంతా నేను పరీక్షలో రాసి, మార్కులు తెచ్చుకొని, మరిచిపోయిన సంగతే.

"రిపోర్టు తప్పు సాబ్. చల్లారేదాక ఆగాలె."

"ఇది నిపుణుని మాటా, కొడుకు మాటా?"

"ఇద్దరినీ నమ్మకుండ్రి సాబ్. జర ఆగి, గొట్టాన్నే అడుగుండ్రి."

ఆగారు. పాలు చల్లారాయి. గొట్టం పైకి లేచింది. నా గీత పాలపైన స్పష్టంగా కనిపించింది. బాపు పర్వానా బాపు చేతికే వచ్చింది.

మరునాడు దఫ్తరులో బాపు చెప్పగా నేను కొత్త నివేదిక రాశాను. ఒక్క పేజీ కాస్తా నాలుగైంది: ఎంతసేపు చల్లార్చాలి, మీగడ ఎట్లా చూడాలి అన్నీ అందులోకి వచ్చాయి. చివర సాహెబు, "చెప్పినాయనే దస్కత్ చెయ్యాలె," అన్నారు. బాపు బొటనవేలు సిరాలో ముంచి నిపుణుడు సంతకం చేసే చోట అద్దాడు. దాని కింద, మా వంశంలో తొలి పట్టభద్రుడనైన నేను, "పై వేలిముద్ర నా ఎదుటే వేయబడినది" అని రాసి సాక్షి సంతకం చేశాను. శాస్త్రానికి నేను చేసిన తొలి సేవ అదే.

కనుక ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను: ఇకపై సర్కారు రోడ్ల గురించి అడిగితే బండి తోలేవాణ్ణి, మందుల గురించి అడిగితే చేదు మింగినవాణ్ణి ముందు అడుగుతాను. ఆ తరువాతే నా పట్టాను గోడమీంచి దించుతాను. సాక్షి సంతకం మీలో ఎవరైనా చేయవచ్చు.