మా కుప్ప ఒక్కటే లెక్కపెట్టిన పిల్ల

కర్నూలు రాజధాని అయిన మరుసటి ఏడాది, పత్తి తీతలు ముగిశాక, నా మనవరాలు ఈరమ్మను తీసుకొని ఆదోని నుంచి ఎమ్మిగనూరు వెళ్లాను. నాకు వేలిముద్ర తప్ప రాదు. నేను చెబుతుంటే ఇంకొకరు రాసిపెడుతున్నారు. ఈరమ్మకు తల్లీ తండ్రీ లేరు, నాకు మొగుడు లేడు. ఎమ్మిగనూరులో ఆడపిల్లలకు అన్నం పెట్టి చదువు చెప్పే బడి ఉంది. ఈసారి ఒక్క పిల్లకే చోటుందన్నారు. అది దొరక్కపోతే ఈరమ్మ బతుకూ నాలాగే పత్తి చేలోనే.

పత్తి గింజ తీసే జిన్నింగు మిల్లు ఏడు గంటల కూత వేయగానే బస్సు కదిలింది. నాకు ఒక టికెట్టు, పిల్లకు అర. వెళ్లేవాళ్లకు ఒక మాట: వెనక సీట్లో కూర్చోకండి, దుమ్ముకు జుట్టు నెరిసిపోతుంది. నాది ముందే నెరిసింది కాబట్టి సరిపోయింది. పక్కన చీరల మూట ఒళ్లో పెట్టుకొని, మగ్గం నేసే ఆయన కూర్చున్నాడు.

"యాడికవ్వా?"

చెప్పాను.

"ఆ బడికా! ఆ పంతులమ్మ ఎక్కాలు అడగదు. 'మీ ఊరి మగ్గాల మీద ఒక్క దినం నేసిన సీరలన్నీ వరసగా పరిస్తే యాడిదాకా వస్తాయి?' అని మా పాపను అడిగింది. కోడుమూరు దాకా అని పాప, ఊరి పొలిమేర కూడా దాటవని నేను. మూడు దినాలు ఇంట్లో ఇదే కొట్లాట!"

"సరైన జవాబు ఏందప్పా?"

"ఆయమ్మకే తెల్దంట!"

నేనేమో మిల్లు గుమాస్తాను బతిమాలి పది దినాలు ఈరమ్మకు ఎక్కాలు చెప్పించాను. జవాబు తెలియని మనిషి పంతులమ్మ ఎట్లా అయింది?

తొమ్మిది దాటాక దిగి, బడి అరుగు మీదే సజ్జరొట్టె, ఉల్లిగడ్డ తిన్నాం. ఇంకో ఇద్దరు తల్లులు పిల్లలతో వచ్చి ఉన్నారు. పంతులమ్మ చాటలో శనక్కాయలు తెచ్చి పెట్టింది.

"ఎన్నుంటాయి? సరిగ్గా చెప్పక్కర్లేదు. ఎట్లా అనుకున్నారో చెప్పండి, చాలు."

ఒక పిల్ల వెయ్యి అంది. ఇంకొకతె లక్ష అంది. "లక్ష తింటే కడుపు పగుల్తాది మే!" అని వాళ్లమ్మ నెత్తిన మొట్టింది. పంతులమ్మ పకపకా నవ్వింది. పరీక్షలో నవ్వే మనిషిని నేను చూడలేదు.

ఈరమ్మ చాటను నేల మీద బోర్లించింది. కాయలను ఎనిమిది కుప్పలు పోసింది, కళ్లతోనే సమం చేస్తూ. మా వైపు పత్తి తీసిన మనిషే కూలి కోసం దాన్ని ఎనిమిది కుప్పలు పోయాలి. ఏడు చేను గల చేనాయనవి, ఒకటి మనది. ఆయన ముందుగా ఏరుకుంటాడు. ఏ కుప్ప పలచబడినా అదే మన ఒడిలో పడుతుంది. ఆ చూపు నేనే దానికి నేర్పాను. పంతులమ్మ వంగి చూస్తుంటే నాకు ప్రాణం లేచొచ్చింది.

ఈరమ్మ చివరి కుప్ప లెక్కపెట్టి, "యాభైమూడు" అంది.

"ఈ కుప్పలోనా?"

"కాదు, సాటలో."

"మరి తక్కిన ఏడు కుప్పలు?"

"అవి లెక్కలోకి రావమ్మా. అవి సేనాయనవి గదా."

అరుగు మీద ఎవరూ నవ్వలేదు. ఆ మాట నేనెప్పుడూ దానికి చెప్పలేదు. చెప్పకుండానే నేర్పేశాను.

చోటు పోయిందనుకొని దాని చెయ్యి పట్టి లేపాను. "తప్పయింది తల్లీ, సిన్నపిల్ల."

"కూర్చో అవ్వా" అని పంతులమ్మ ఈరమ్మ వైపు తిరిగింది. "ఇక్కడ చేనాయన లేడు పాపా. అన్నీ నీవే. ఇప్పుడు చెప్పు."

అది నా ముఖం చూసింది. నేను తలాడించాను. రెండు చేతులతో కుప్పలన్నీ తన ముందుకు లాక్కొని, చాలాసేపు వేళ్లు ముడిచింది.

"అన్నీ ఒకే మాదిరి పోసినా. నాలుగు నూర్లు దాటతాయి. ఇరవై ముప్పై అటో ఇటో."

"పిల్లను ఈడనే వదిలిపో అవ్వా" అంది పంతులమ్మ.

అప్పటికప్పుడే! బట్టల మూట కూడా తేలేదు.

మూడు గంటల బస్సు ఎక్కాను. పొద్దున వచ్చిన కండక్టరే.

"పొద్దున ఒకటిన్నర తీసుకొంటివి. అర యాడ పోయె అవ్వా?"

"బళ్లో సేరె."

దారి పొడుగునా తీత అయిపోయిన చేలు, ఎండిన పత్తి కట్టె. ఊహ తెలిసినప్పటి నుంచి ఎంత పత్తి తీసి ఉంటానో ఎన్నడూ లెక్కేసుకోలేదు. సరిగ్గా చెప్పక్కర్లేదని పంతులమ్మ అంది కదా అని వేళ్లు ముడిచాను. ఆదోని మిల్లు గొట్టం కనబడేసరికి నా కుప్ప లెక్క మాత్రమే అయింది. చేనాయనకు పోయిన ఆ ఏడు కుప్పలూ ఇంకా లెక్కపెడుతూనే ఉన్నాను.