టోపీ తీసేసిన ఫోటో

మా చిన్నమ్మ ఒకప్పుడు గుర్రం సినిమాల్లో హీరోయిన్. కౌబాయ్ అని పలకడానికి కమలాపురం వైపు ఎవరికీ నోరు తిరిగేది కాదు, గుర్రం సినిమాలనేవాళ్ళు. అన్నీ చవక సినిమాలే. చెట్టూ చేమా లేని మా గుట్టలు చూసి ఆ సినిమావాళ్ళు మురిసిపోయారట. మా కరువు వాళ్ళకు ఖర్చులేని సెట్టింగు! తలచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది.

అలా వచ్చినవాళ్ళ వెంటే చిన్నమ్మ మద్రాసు వెళ్ళింది. నాలుగైదు సినిమాలు చేసి, అవకాశాలు ఎండిపోయాక తిరిగొచ్చింది. తాతయ్య తలుపు తీశాడు గానీ, పోస్టర్లు, పాటల పుస్తకాలు, ఆమె బొమ్మ వేసిన క్యాలెండర్లు అన్నీ నీళ్ళ పొయ్యిలో పెట్టించాడు. "సినిమావోళ్ళు నీ నెత్తిన టోపీ పెట్టినారు" అని ఊరు ఎగతాళి చేస్తే ఆమె తల వంచుకుని నవ్వి ఊరుకునేది. పెళ్ళిళ్ళలో ఫోటోలు తీసేటప్పుడు ఆమె అన్న, మా పెద్దమామ, "నువ్వట్ల పక్కకుండు" అనేవాడు. ఆమె వంటల దగ్గరికి పోయేది.

పోయిన ఎండాకాలం చిన్నమ్మ కన్నుమూసింది. దినాలకు ఫ్లెక్సీ కొట్టిద్దామంటే ఫోటో లేదు. ఆధార్ కార్డులో ఉన్న ముఖం చూస్తే పోలీసులు వెతుకుతున్న మనిషి అనుకుంటారు. చివరికి ఆమె చీరల అడుగున ఒకటి దొరికింది. సినిమా హాలు బయట అద్దాల పెట్టెలో పెట్టే ఫోటో కార్డు. వెడల్పు అంచుల టోపీ, నడుముకు తుపాకీ, పళ్ళన్నీ కనబడే నవ్వు. అంత నవ్వు ఆమె ముఖాన నేనెన్నడూ చూడలేదు. ఏడుపు ఆగలేదు.

"ఇదే పెడదాం మామా" అన్నాను.

"శానామంది పెద్దమనుషులు వస్తారమ్మే. ఆ టోపీ, తుపాకీ తీసేపిచ్చు. బొట్టు పెట్టించి కొంగు కప్పించు."

"బతికినన్నాళ్ళూ పక్కకు నిలబెడితిరి, సచ్చినాంక కూడానా?" అని అరిచాను. ఇంటి పెద్ద మాటే నెగ్గింది. వేరే ఎవరినైనా పంపితే ఇంకేం మార్పిస్తారోనని కడపలో ఫ్లెక్సీ షాపుకు నేనే వెళ్ళాను.

షాపతను కంప్యూటర్ ముందు తల గోక్కున్నాడు. "టోపీ తీసేస్తే కింద నెత్తి లేదక్కా. ఇంకొకామె కొప్పు తెచ్చి పెడతాండా." కొప్పుకు కుదరాలని నుదురు తగ్గించాడు. ఆ నవ్వు దినాలకు బాగుండదని పెదాలు కలిపేశాడు.

"నవ్వన్నా వదిలెయ్యప్పా" అని బతిమాలాను. మామకు ఫోన్ చేస్తే ఆయనా నవ్వు వద్దన్నాడు.

దినాల రోజు వాకిట్లో షామియానా కింద ఫ్లెక్సీ కట్టారు. వచ్చినవాళ్ళంతా దండం పెట్టి భోజనాలకు వెళ్ళారు. మామ పూలదండ తీసుకుని దగ్గరికి వచ్చాడు. కళ్ళద్దాలు తుడుచుకుని, వంగి, ఆ ముఖాన్ని మళ్ళీ మళ్ళీ చూశాడు.

"ఏమ్మే, ఎవరిదో ఫోటో ఇచ్చి పంపినట్లుండారే. మా పాప యాడుండాది ఇందులో?"

చెల్లెల్ని ఆయన పాప అని పిలవడం నేను వినడం అదే మొదలు.

"నువ్వే కదా మామా తీసేపిచ్చింది" అన్నాను.

దండ ఆయన చేతిలోనే ఉండిపోయింది.