మునిచంద్రగారు వెనక్కు తీసుకున్న సలహా

మదనపల్లె కళాశాలలో ముప్పయి ఒక్క సంవత్సరాలు గణాంకశాస్త్రం బోధించి విశ్రాంతి పొందిన మునిచంద్రగారికి ఊళ్ళో ఒక పేరుండేది. ఏ కాగితమైనా ఆసాంతం చదవనిదే ఆయన అభిప్రాయం చెప్పరు. చెప్పిన అభిప్రాయాన్ని మార్చుకోరు. బ్యాంకు పత్రమైనా పెండ్లి పత్రికైనా సరే, కళ్ళద్దాలు తుడుచుకొని, కుర్చీని వెలుతురు వైపు జరుపుకొని, వరుస తప్పకుండా చదివేవారు. అందుచేత పిల్లలను పైచదువులకు పంపదలచినవారు ఇటు బి.కొత్తకోట నుండి, అటు పుంగనూరు నుండి వచ్చి ఆయన వసారాలో కూర్చోవడం వాడుకయింది.

బ్రిటన్‌లో డేటా సైన్సు చదివే విషయంలో ఆయన మాటకు అంత విలువ రావడానికి కారణం జగదీష్. శాంతిపురానికి చెందిన ఆ కుర్రవాడు ఆయన వద్ద చదివినవాడు. రెండేళ్ళ క్రితం వాడి కోసం మునిచంద్రగారు పదకొండు విశ్వవిద్యాలయాల పాఠ్యప్రణాళికలు నెల రోజులు చదివి, ఆ దేశపు ఉత్తరాన ఉన్న ఒక ప్రాచీన విశ్వవిద్యాలయాన్ని ఎంపిక చేశారు. వాడు విమానమెక్కిన వారం కళాశాల నోటీసు బోర్డులో వాడి ఛాయాచిత్రం పెట్టించారు. తరువాత ఎవరు వచ్చినా ఆయన మొదట చెప్పే మాట జగదీష్ మాటే.

పుంగనూరులో పరుపులు కుట్టించి అమ్మే నూరుల్లా తన కుమార్తె జువేరియాను పంపడానికి ఒప్పుకున్నదీ ఆ మాట మీదే. ఆ పిల్ల గణాంకశాస్త్రంలో ఆయన బోధించిన చివరి తరగతి విద్యార్థిని. ఆమెకు రెండు చోట్ల సీటు వచ్చింది. ఒకటి జగదీష్ చదివిన చోటు. రెండవది సముద్రతీరాన ఉన్న కొత్త విశ్వవిద్యాలయం. అక్కడ ఆసుపత్రులలోనూ నగర కార్యాలయాలలోనూ దొరికే అసలు లెక్కలతో విద్యార్థుల చేత పని చేయిస్తారు. జువేరియా మనసు రెండవదాని మీద ఉన్నట్టు మునిచంద్రగారు గమనించకపోలేదు. డిగ్రీలో ఆమె మదనపల్లె టమాటా మార్కెట్టులో మూడేళ్ళ ధరలు సేకరించి, వచ్చే వారం ధరను అంచనా వేసే పద్ధతి ఒకటి తయారుచేసింది. దానిని చూసి ఆయన, "కష్టపడినావమ్మా. అయితే ఇది పనితనమే గాని శాస్త్రం కాదు" అన్నారు. ఆ కొత్త విశ్వవిద్యాలయం విషయంలోనూ అదే తీర్పు చెప్పారు.

"సార్ చెప్పినాక ఇంకేముంది?" అన్నాడు నూరుల్లా ఆనాడు. "మా వాళ్ళంతా ఆడపిల్లను యాడికి పంపుతాండావు అంటాండారు సార్. మా అన్న మాట్లాడ్డమే మానేసినాడు. వాళ్ళందరికీ నేను చెప్పేది ఒకటే, సార్ పంపిన పిల్లోడు ఆడ సదివినాడు, మా పాప కూడా ఆణ్ణే సదువుతాదని."

జూలై నెల. శుక్రవారంలోగా ఏదో ఒక సీటుకు అంగీకారం తెలపాలి. సోమవారం ఉదయం జువేరియా ఫోన్ చేసింది.

"సార్, జగదీష్ అన్నకు నెట్‌లో మెసేజీ పెట్టినా. ఏ పేపర్లు కష్టంగా ఉంటాయన్నా, ముందే చదువుకుంటా అని. మూడు రోజులకు జవాబొచ్చింది."

"ఏమన్నాడు?"

"'సార్‌ను అడుగు' అని ఒక్కమాట. మళ్ళీ రాస్తే చూసి కూడా జవాబియ్యలేదు సార్."

మునిచంద్రగారు వెంటనే జగదీష్ బ్రిటన్ నంబరుకు ఫోన్ చేశారు. ఆ నంబరు పనిచేయడం లేదు. వాడి తల్లి రాజమ్మకు చేశారు.

"వాడా సార్, వాడు ఈడే కుప్పంలో ఉండాడు కదా. వచ్చి ఆరునెల్లాయ" అన్నదామె. "పెద్ద సదువు అయిపోయింది, మంచి ఉద్యోగం వచ్చేదాకా రాళ్ళ ఫ్యాక్టరీలో చూసుకుంటానన్నాడు. మీకు చెప్పలేదా?"

మరునాడు మొదటి బస్సుకు ఆయన బయలుదేరారు. పుంగనూరు, పలమనేరు, వి.కోట దాటి కుప్పం చేరేసరికి పదకొండయింది. ఊరి వెలుపల గ్రానైటు పలకలు కోసే యార్డులో, రేకుల గదిలో జగదీష్ కూర్చొని ఉన్నాడు. లారీకెక్కే ప్రతి పలక కొలతను రాయించుకొని కంప్యూటరులో ఎక్కించడం వాడి పని. గురువును చూడగానే లేచి నిలబడ్డాడు. కోత యంత్రాల రొదలో మాట వినిపించక ఇద్దరూ రోడ్డు పక్కన టీ అంగడికి నడిచారు.

"యాలప్పా చెప్పలేదు?" అన్నారు మునిచంద్రగారు.

"ఏమని చెప్పాల సార్? బోర్డులో ఫోటో పెట్టించినారు. తీసేయండి అని చెప్పాల్నా?"

జగదీషే నెమ్మదిగా చెప్పాడు. మొదటి వారంలోనే బోర్డు మీద రాసింది అర్థం కాలేదట. అక్కడి వారు గణితంలో లోతుగా చదివి వచ్చినవారు. వీడికి వచ్చినవి ఇక్కడి డిగ్రీ లెక్కలు మాత్రమే. మూడు పేపర్లు తప్పాడు. తిరిగి రాసినా ఒకటి మిగిలింది. ప్రాజెక్టుకు అనుమతించలేదు, ఎం.ఎస్సీ. పట్టాకు బదులు డిప్లొమా ఇచ్చి పంపారు.

"వాళ్ళ తప్పేం లేదు సార్. ఇంతింత లెక్కలు వచ్చుండాలని ముందే రాసినారు. మీరూ చదివినారు, నేనూ చదివినా. మీరు నన్ను పక్కన కూర్చోబెట్టుకొని ఆ పేపర్ల పేర్లు చదువుతాంటే మీ మొహం ఎట్లుండిందో తెలుసునా సార్? నాకు రాదు అని చెప్పబుద్ధి కాలేదు."

"నాకు ఉత్తరమన్నా రాయకూడదా?"

"రాసినా సార్, నాలుగు తూర్లు. పంపలేదు." వాడు టీ గ్లాసు బల్ల మీద పెట్టాడు. "మా అమ్మకు తెలీదు. ఎం.ఎస్సీ. అనే అనుకుంటాంది. మీరు ఎవరికీ చెప్పొద్దు సార్. ఆ పాపకు మాత్రం ఆడికి పోవద్దని చెప్పండి."

"పోవద్దని చెప్పాలంటే కారణం చెప్పాల కదప్పా."

"అది మీరు చూసుకోండి సార్" అన్నాడు జగదీష్. ఆ గొంతులో కోపం లేదు. అందుకే ఆ మాట ఆయనను ఎక్కువగా నొప్పించింది.

తిరుగు ప్రయాణంలో బస్సు పుంగనూరు స్టాండులో పది నిమిషాలు ఆగింది. నూరుల్లా అంగడి ఉన్న వీధి కిటికీలో నుంచి కనిపిస్తూనే ఉన్నది. మునిచంద్రగారు సంచి చేతిలోకి తీసుకున్నారు. మరల ఒడిలో పెట్టుకున్నారు. తాను సలహా వెనక్కు తీసుకుంటే నూరుల్లా కూతురిని అసలే పంపకపోవచ్చు. ఊరుకుంటే ఆ పిల్ల జగదీష్ వెళ్ళిన దారినే వెళ్తుంది. ఆమె వాడికన్నా తెలివైనదే. అయినా ఆ చదువు ఆమెకు వస్తుందా రాదా అని ఆయన ఎన్నడూ ఆలోచించలేదు. ఆలోచించలేదన్న సంగతి ఆ పది నిమిషాలలోనే మొదటిసారి తెలిసింది. బస్సు కదిలింది. ఆయన దిగలేదు.

బుధవారమంతా ఆయన వసారాలోనే కూర్చున్నారు. కాయితాలు ముందు వేసుకొని రెండు విశ్వవిద్యాలయాల పాఠ్యప్రణాళికలూ మరల చదివారు. రాత్రి ఆయన నోట కుప్పం సంగతి విన్న భార్య అమరావతి చిక్కుడుకాయలు ఒలుస్తూ చూస్తూ ఉన్నది.

"ఎన్నిసార్లు సదివినా అది మారదు" అన్నది చివరకు. "అది మీరు సదవాలనుకున్న సదువు."

"నేనా?"

"మీరే. మన పెండ్లయిన కొత్తలో ఆ ఊరి నుంచే కదా, ఆడ చేరే వివరాలతో పోస్టులో పుస్తకమొచ్చింది? ఆరునెల్లు దిండు కింద పెట్టుకొని పండుకోలేదా? మీ నాయన శెనక్కాయ చేను ఎండిపోయింది, దుడ్లు లేవని రాస్తే, ఆ పుస్తకాన్ని బీరువా మీదికి ఎక్కించేసినారు. ఆ పిల్లోని చేత అయినా సదివించాలనుకున్నారు. వాడికి రాలేదు. ఇప్పుడు ఈ పాప వంతు."

ఎత్తిపొడుపు అయితే ఆయన బదులిచ్చేవారే. ఆమె కాయలు ఒలుస్తూనే, వంటింటి సంగతి చెప్పినంత మామూలుగా చెప్పింది. మునిచంద్రగారు చేతిలోని కాగితాలను చూశారు. పదకొండు విశ్వవిద్యాలయాలవీ చదివిన మాట నిజమే. తూకం వేయకముందే తక్కెడ ఒక వైపుకు ఒరిగి ఉన్నదని మాత్రం ఎవరికీ, తనకు సైతం, తెలియలేదు. తెలిసినది ఈమె ఒక్కతెకే. ఈమెను ఆయన ఏనాడూ అడగలేదు.

"ఆ పొద్దే చెప్పుండచ్చు కదా?"

"అడిగితే చెప్పేదాన్ని" అన్నదామె.

గురువారం ఉదయం ఆయన పుంగనూరులో దిగారు. నూరుల్లా అంగడి ముందు బూరుగు దూది బస్తాలు దించుతున్నారు. గాలిలో తెల్లని నూగు తేలుతున్నది. నూరుల్లా ఎదురు వచ్చి ఆయనను వెనుక ఇంటిలోకి తీసుకువెళ్ళాడు. భార్య ఖుర్షీదా టీ తెచ్చి తలుపు దగ్గర నిలిచింది. జువేరియా వచ్చి చాప మీద కూర్చున్నది.

మునిచంద్రగారు దారి పొడుగునా వాక్యాలు కూర్చుకుంటూ వచ్చారు. నోరు తెరిచేసరికి వాటిలో ఒక్కటీ మిగలలేదు.

"నూరుల్లా, నేను చెప్పిన సలహా తప్పు. పాపను ఆ మొదటి దానికి పంపొద్దు."

నూరుల్లా అర్థం కానట్టు చూశాడు. "ఏమైంది సార్?"

"నేను పంపిన పిల్లోడొకడు ఆడ దెబ్బతిన్నాడు. ఆ చదువు వాడికి తగింది కాదు. వాడికేం వచ్చు, ఏం రాదు అని చూడకుండా, నాకు నచ్చింది చూసి పంపినా. పాపకూ అదే చేసినా. పేరు మాత్రం అడగొద్దు."

"అడగను సార్" అన్నాడు నూరుల్లా. "మీరు ఆడికి పంపింది ఒక్కణ్ణే కదా."

మునిచంద్రగారి ముఖం నల్లబడింది. పేరు దాచబోయి మొత్తం చెప్పేశారు. నూరుల్లా అది గమనించి, "నా నోట రాదులే సార్, మా ఇంట్లో నుంచి పోదు" అన్నాడు. తరువాత తల వంచుకొని చేతికంటిన దూదిని గిల్లుతూ కూర్చున్నాడు.

"అయితే ఆ రెండోది మంచిదంటారా?"

"పాపకు అదే సరిపోతాదని ఇప్పుడు అనుకుంటాండాను."

"మొన్న కూడా ఇట్లే చెప్పినారు సార్. ఇట్లే కూర్చోని, ఈ మొహంతోనే. నేనేమో సదువుకోనోడ్ని. ఏ మాట నమ్మాలో నాకెట్ల తెలుస్తాది?"

మునిచంద్రగారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు.

"మా అన్న నిన్న కూడా అడిగినాడు" అన్నాడు నూరుల్లా. "సార్ ఉండాడు, నాకేం భయం అన్నా. ఇప్పుడు భయమేస్తాంది సార్. రేపు శుక్రవారం. రేప్పొద్దునకు నా భయం పోదు." కూతురి వైపు తిరిగాడు. "వద్దులే పాపా."

ఖుర్షీదా తలుపు దగ్గర నుండి దక్కనీ ఉర్దూలో ఏదో అన్నది. నూరుల్లా చేయి ఊపి వారించాడు.

జువేరియా తండ్రి వైపు గాక మునిచంద్రగారి వైపు చూసింది. నాలుగేళ్ళలో ఆ పిల్ల ఆయనను అట్లా చూడలేదు.

"ఇది నాకు ఫోన్లో చెప్పుంటే నేను అబ్బాకు చెప్పుకునేదాన్ని కదా సార్. నాకు ఏది కావాలో ఫిబ్రవరిలోనే మీకు చెప్పినా. మీరు వినలేదు. ఇప్పుడూ నన్ను అడక్కుండా నేరుగా ఆయనకు చెప్పినారు."

"తప్పే అమ్మా" అన్నారు ఆయన.

ఆమె లోపలికి వెళ్ళి ల్యాప్‌టాప్ తెచ్చి తండ్రి పక్కన కూర్చున్నది. రెండవ విశ్వవిద్యాలయం పాఠాలు ఒక్కొక్కటే తెరిచి దక్కనీలో చెప్పసాగింది. మునిచంద్రగారికి అందులో సగమే తెలిసింది. ఆసుపత్రి అన్న మాట వినిపించింది; టమాటా అన్న మాట వినిపించింది. మధ్యలో నూరుల్లా రెండు ప్రశ్నలు వేశాడు. మొదటిదానికి ఆమె వెంటనే జవాబు చెప్పింది. రెండవదానికి ఆలోచించి, "అది నాకు తెలీదు అబ్బా, వాళ్ళను అడగాల" అని తెలుగులో అన్నది. తండ్రి తల ఊపాడు. తెలియదన్న ఆ జవాబే అతనికి కొంత నచ్చినట్టు కనబడింది.

అయినా అతను ఒప్పుకోలేదు. "తెలుసుకోవాల. నేనూ ఒకరిద్దర్ని అడగాల. రేపంటే కాదు."

"అయితే రేపు అనను" అన్నది జువేరియా. "జనవరిలో ఇంకో బ్యాచీ ఉందంట. ఈ సీటును దాంట్లోకి మార్చమని అడుగుతా. మార్చచ్చు, మార్చకపోవచ్చు. మారిస్తే నీకు ఆరు నెల్లుండాది, అందర్నీ అడుగు. నన్ను కూడా అడుగు."

నూరుల్లా తెరవైపు మరొకసారి చూసి, "రాయి" అన్నాడు.

మునిచంద్రగారు కుర్చీ ముందుకు జరుపుకున్నారు. "ఆ ఉత్తరం నేను రాసిస్తానమ్మా. ఇట్లాంటివి ఎట్ల రాయాలంటే..."

"నేనే రాసుకుంటా సార్" అన్నదా పిల్ల, తల ఎత్తకుండా.

ఆయన కుర్చీని వెనక్కు జరుపుకున్నారు. కీబోర్డు మీటలు టకటకలాడుతుంటే ఖుర్షీదా వచ్చి చల్లారిన టీ గ్లాసు తీసుకొని, "ఇంకో గ్లాసు తెస్తా, కూర్చోండి సార్" అన్నది. నూరుల్లా కూతురి భుజం మీదుగా తెరవైపు చూస్తూ, తనకు చదవడం రాని ఆ వరుసలు ఒక్కొక్కటే దిగుతుంటే పెదవులు కదుపుతున్నాడు.

"పంపేసినావా?"

"పంపేసినా."

"జవాబు ఎప్పుడొస్తాది?"

"తెలీదు అబ్బా."

నూరుల్లా అలవాటు కొద్దీ మునిచంద్రగారి వైపు తిరిగాడు. ఆయన కూడా తెలియదన్నట్టు తల అడ్డంగా ఊపారు.