ఆరే మంటా, ఆరని మంటా

మొన్న ఆదివారం మధ్యాహ్నం మా మనవరాలు ఫోనును నీళ్ళ గ్లాసుకు ఆనించి పెట్టుకుని అన్నం తింటోంది. అందులో ఇద్దరు ప్రసంగీకులు నరకం గురించి వాదించుకుంటున్నారు. అక్కడి మంట ఎన్నటికీ ఆరదని, పాపి యుగయుగాలు అందులో వేదన పడుతూనే ఉంటాడని ఒకాయన. కాదు, ఆ మంట పాపిని పూర్తిగా కాల్చి లేకుండా చేస్తుంది, అంతటితో సరి అని ఇంకొకాయన. పిల్ల నవ్వుతూ, "నానమ్మా, నువ్వు ఎవరి దిక్కు?" అని అడిగింది. గిన్నెలు కడగాలని చెప్పి లేచి వచ్చేశాను. ఒకప్పుడు నేను ఆ రెండు దిక్కులా గట్టిగా నిలబడి కొట్లాడినదాన్ని. రెండుసార్లూ దేవుడి కోసం మాత్రం కాదు.

అప్పట్లో మేము కాజీపల్లిలో కిరాయి గదిలో ఉండేవాళ్ళం. మా ఆయన ఒక కంపెనీలో బాయిలర్ దగ్గర పని చేసేవాడు, నేను ఇంకో కంపెనీలో డ్రమ్ములకు చీటీలు అతికించేదాన్ని. అక్షరం ముక్క రాదు గనక ఎర్ర చీటీ ఏ డ్రమ్ముకు, పచ్చ చీటీ ఏ డ్రమ్ముకు అని రంగును బట్టే గుర్తు పెట్టుకునేదాన్ని. మా పుట్టింటి వాళ్ళు తాతల నాటి నుంచీ క్రైస్తవులు, ఆయన కాదు. బాప్తిస్మం తీసుకుంటానని పెళ్ళికి ముందు మాట ఇచ్చి, వచ్చే క్రిస్మసుకు, ఆ పై ఈస్టరుకు అని జరుపుకుంటూ పోయాడు. మా అత్త కూడా మాతోనే ఉండేది, ఆమెకు పోచమ్మ తప్ప వేరే దేవుడు లేడు.

అయినా ప్రతి ఆదివారం ఆయన నన్ను సైకిలు మీద ఎక్కించుకుని మందిరం దగ్గర దింపేవాడు, కూటం అయ్యాక మళ్ళీ వచ్చి తీసుకుపోయేవాడు. తోటి ఆడవాళ్ళు చూసి, ఎంత మంచి మనిషమ్మా అనేవాళ్ళు, నేనూ పొంగిపోయేదాన్ని. అప్పటి మా పాస్టరు అయ్యగారు పాతకాలం మనిషి, నరకం ఎత్తుకున్నాడంటే రెండు గంటలకు తక్కువ కాదు, రేకుల కప్పు కింద చెమటలు కారుతుంటే ఆ అగ్నిగుండాన్ని మేము కళ్ళారా చూసినట్టే ఉండేది. ఒకనాడు గాలివానకు రేకులు లేచి కూటం సగంలో ఆగిపోయింది. నేను ఆయన కోసం ఎదురు చూసి చూసి, తడుస్తూ నడిచి ఇల్లు చేరితే, పక్క గది ఆమె జాలిపడి అసలు సంగతి చెప్పింది. నన్ను దింపిన సైకిలు నేరుగా ఇంద్రేశం ఊరికి పోయేదట. అక్కడ ఒకామె ఉండేదట, మగ దిక్కు లేని మనిషి, కూరగాయలు అమ్ముకునేది. అయ్యగారు నరకం గురించి ఎంతసేపు చెబితే వాళ్ళకు అంత తీరిక అన్నమాట.

మీలో నా ఈడు వాళ్ళకు ఆ తరవాతి గొడవలు చెప్పనక్కరలేదు. అరిచాను, ఏడ్చాను, పుట్టింటికి పోయి వచ్చాను. ఆయన తల దించుకుని కూర్చునేవాడు, ఆదివారం కాగానే సైకిలు తీసేవాడు. నాలుగేళ్ళకు పచ్చకామెర్లు ముదిరి ఆయన పోయాడు, బాప్తిస్మం లేకుండానే. మరుసటి ఏడు ఆ ఇంద్రేశం ఆమె మా మందిరానికే రావడం మొదలుపెట్టింది. వెనక, చెప్పులు విడిచే చోట కూర్చుని, ఎవరితో మాట్లాడకుండా విని వెళ్ళిపోయేది. ఎవరు ఎంత పిలిచినా బాప్తిస్మానికి మాత్రం ముందుకు రాలేదు. నాకు లోపల ఎంత సంతోషమో! బాప్తిస్మపు నీళ్ళలో మునగలేదు గనక పోయేది మంటలోకే. అది ఆరని మంట.

సరిగ్గా అప్పుడే పాత అయ్యగారు వెళ్ళి ఒక కుర్ర అయ్యగారు వచ్చాడు. నరకమంటే నాశనమే గాని నిత్యహింస కాదని, ప్రేమగల దేవుడు ఎవరినీ యుగయుగాలు కాల్చుతూ కూర్చోడని ఆయన చెప్పాడు. మందిరం రెండుగా చీలింది. మా వయసు వాళ్ళం పాత మాట మీద, కాలేజీ పిల్లలు కొత్త మాట మీద. అందరికంటే పెద్ద గొంతు నాదే. ఆమె అంత తేలిగ్గా కాలిపోయి తప్పించుకుంటుందంటే నేను ఒప్పుకోలేకపోయాను. అయ్యగారు నా ముందు బైబిలు తెరిచి, చూడమ్మా, ఇక్కడ ఉంది అన్నాడు. నేను చూశాను, నల్లటి చీమలు తప్ప ఏమీ కనబడలేదు. మా కూటంలో చదువు రాని వాళ్ళం కూడా ఒళ్ళో బైబిలు తెరిచే పెట్టుకునేవాళ్ళం, మర్యాద కోసం. ఆ రోజు ఆ మర్యాద నాకు సిగ్గనిపించింది.

అలా నేను యాభయ్యో ఏట మా కొడుకు పెద్ద బిడ్డ, ఒకటో తరగతి మనవరాలి పక్కన పలక పట్టుకుని కూర్చున్నాను. భక్తి కోసమని అందరూ మెచ్చుకున్నారు. రెండేళ్ళు పట్టింది. మంట ఆరదన్న చోట్ల ఎర్ర దారం, నాశనమైపోతారన్న చోట్ల పచ్చ దారం పెట్టుకుంటూ వచ్చాను, కంపెనీ అలవాటు. చివరికి చూస్తే రెండు రంగులూ ఉన్నాయి. నేను ఎర్ర దారాలే పట్టుకుని ఇంట్లో ఎలుగెత్తి చదువుతుంటే, మా అత్త వక్క నములుతూ వింటూ వింటూ ఒకనాడు అడ్డం పడింది.

"ఏందే, గంత గట్టిగ సదువుతున్నవ్? ఆరని మంట అంటున్నవ్ గద. మరి నా కొడుకు గూడ మునగలేదు. ఆడూ గా మంటలనే ఉంటడు, అదీ గా మంటలనే వడుతది. ఇద్దరు యుగయుగాలు జంటగ ఉంటరు. నువ్వు మీ దేవుని తాన ఒక్కదానివి పాటలు పాడుకుంట కూసో!"

అని నవ్వబోయి, చచ్చిపోయిన కొడుకు తలపుకొచ్చి కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. నాకు మాత్రం ఒళ్ళంతా భగ్గుమంది. ఇన్నాళ్ళూ నేను ఏం కోరుకుంటున్నానో అప్పుడు తెలిసింది. బతికుండగా ఆదివారాలే వాళ్ళవి, చచ్చాక అన్ని రోజులూ వాళ్ళకే రాసిస్తున్నాను. మరుసటి శుక్రవారం ఉపవాస ప్రార్థనలో నేను లేచి, కొత్త అయ్యగారు చెప్పిందే నిజం, అంతా కాలి నాశనమైపోతుంది, ఎవరూ ఎక్కడా మిగలరు అని పచ్చ దారాలు తీసి చదివాను. నా మనసు ప్రభువు మార్చాడని అయ్యగారు చప్పట్లు కొట్టించాడు.

తరవాత కొన్నాళ్ళకు ఆ ఇంద్రేశం ఆమె మంచాన పడింది. మా మందిరంలో ఎవరికి జబ్బు చేసినా శుక్రవారం ఆడవాళ్ళం వాళ్ళింటికి వెళ్ళి ప్రార్థన చేయడం ఆచారం. చదివే మనిషిని నేనే గనక తప్పించుకోలేకపోయాను. ఆ గుమ్మం తొక్కడం అదే మొదటిసారి. ఆయన గుర్తులేమన్నా ఉన్నాయేమోనని నా కళ్ళు గోడలన్నీ వెతికాయి. ఏమీ లేవు, తలుపు పక్కన ఎత్తుగా ఒక పీట తప్ప. అదేమిటని అడిగితే, మోకాళ్ళ నొప్పికి ఆయన కింద కూర్చోలేకపోయేవాడని, అందుకే చేయించానని చెప్పింది. మా ఇంట్లో ఆయన ముప్పై ఏళ్ళు కిందే కూర్చుని తిన్నాడు. నొప్పి అని నాకు ఒక్కనాడూ చెప్పలేదు. నేనూ అడగలేదు.

ప్రార్థన అయ్యాక మిగతా వాళ్ళు చాయ్ తాగడానికి అరుగు మీదికి పోయారు. ఆమె నా చేయి పట్టుకుంది.

"అక్కా, ఒక్కటి అడుగుత, కోపం జెయ్యకు. గా నరకం మంట ఉంటదా, ఆరుతదా? అయ్యగారు చెప్తే నాకు నమ్మబుద్ధి కాలె. నీకు నా మీద పావురం, ప్రేమ ఏం లేదు, నువ్వైతే అబద్ధం సదవవు."

నా ఒళ్ళో బైబిల్లో రెండు రంగుల దారాలూ ఉన్నాయి. పచ్చదే తీశాను. చావబోయే మనిషికి దయ చూపుతున్నట్టు, నిదానంగా, ఒత్తి ఒత్తి చదివాను. ఆమె ముఖం తేలికపడుతుందనుకుంటే పాలిపోయింది.

"అంటే ఆయన యాడ లేనట్టేనా?"

అవునన్నాను.

"నీళ్ళల్ల మునిగితే పరలోకం వస్తదన్నరు. ఆయన ఆడ ఉండడు గదక్కా, నేను బోయి ఏం జెయ్య? అందుకే మునగలె." కాసేపు దూలం వైపు చూసింది. "కాలేటప్పుడన్న ఉంటడు గద? జెరసేపు. నాకు గంత సాలు."

నేను బైబిలు మూసి బయటికి వచ్చేశాను. నెల తిరగకుండానే ఆమె పోయింది.

ఇప్పుడు ఇంద్రేశంలో ఆ ఇల్లు లేదు, ఆ చోట ప్లాట్ల రాళ్ళు పాతారు, అక్కడ ఒకామె ఉండేదని చెప్పినా నమ్మేవాళ్ళు లేరు. మా రేకుల మందిరం స్లాబు వేసుకుని, ఏసీ పెట్టుకుని చల్లబడింది. అయ్యగార్లు ఇల్లు, ఉద్యోగం, ఆరోగ్యం గురించే చెబుతారు, మంట ఊసెత్తితే జనం పక్క మందిరానికి పోతారేమోనని భయం. మాకు ఆ రోజుల్లో చచ్చిన వాళ్ళు ఎక్కడున్నారనేదే పెద్ద పరేషాన్, దాని కోసం అన్నాలు మానుకుని కొట్లాడుకున్నాం. నాకిప్పుడు చదువు బాగా వచ్చు, ఎవరికీ చదివి పెట్టే పని లేదు. ఏ అయ్యగారి మాట నిజమో ఈ వయసులో నాకు అక్కరలేదు. ఆరినా ఆరకపోయినా ఆమె ఆయన దగ్గరికే బయలుదేరి వెళ్ళింది. నేను పన్నెండో ఏట మునిగినదాన్ని, పరలోకంలో నా చోటు ఖాయమని అందరూ అంటారు. అక్కడ ఆయన ఉండడని నాకూ తెలుసు. తెలిసి కూడా, ఆమె అన్నట్టు ఆ చోటు నాకు వద్దని ఒక్కనాడూ అనుకోలేదు. ఆమెను చూసి నేను కుళ్ళుకున్నది ఆదివారాల కోసమని ఇన్నాళ్ళూ అనుకున్నాను.