చముద్రం

"నైరుతి దిశగా పది అడుగులు వేసి ప్రదక్షిణ పథంలో ప్రవేశించండి" అంది చెవిలో గొంతు. నైరుతి ఎటో నాకేం తెలుసు? ఇంట్లో బీరువా పెట్టిన మూల నైరుతి అని తెలుసు. శాలిహుండం కొండ మీద బీరువా లేదు. తోచిన వైపు పది అడుగులు వేసి తిన్నగా తుప్పల్లోకి వెళ్లాను. కుచ్చిళ్లు ముళ్లకి పట్టుకున్నాయి. నాకు ఒళ్లు మండిపోయింది.

వెనకాల కొంచెం దూరంలో మా తోటికోడలు నోట్‌బుక్కులో ఏదో గీకుతోంది.

"ఏటే రాస్తన్నావు? నాను ముళ్లల్లో పడ్డానని రాస్తన్నావా?" అని అరిచాను.

"అవునక్కా" అంది, ఏమాత్రం సిగ్గు లేకుండా.

నేనెక్కడ దారి తప్పుతానో రాసుకోవడమే ఆ పూట ఆమె పని. మా మరిది భార్య ఆమె, గుంటూరు వైపు పిల్ల. ఈ కొండకి దగ్గర్లో ఒక ఊరి బళ్లో సోషల్ టీచరు. పిల్లలంతా కొండ కిందే పుట్టారు. వాళ్ల తల్లులూ అమ్మమ్మలూ మాత్రం పైదాకా ఎక్కలేదు, ఎక్కినా ఆ పాత బౌద్ధ స్తూపాల ఇటుకలేమిటో చెప్పేవాళ్లు లేరు. అది ఆమెకి కడుపుమంట. అందుకని కొండ మీద తొమ్మిది చోట్లు ఎంచి, ఒక్కో చోట వినడానికి ఒక్కో ముక్క తన గొంతుతో రికార్డు చేసింది. ఫోను పట్టుకుని వింటూ ఎవరికి వాళ్లు ఎక్కి, చూసి, దిగి రావచ్చు. వచ్చే ఆదివారం పిల్లలు తమ ఇళ్లల్లో ఆడవాళ్లని తీసుకొస్తారు. ఈలోగా ఎవరో ఒకరు నడిచి చూడాలి కదా. ఆమదాలవలసలో మా బియ్యం కొట్టు మా ఆయనకి అప్పజెప్పించి, నన్ను స్కూటీ మీద ఎక్కించుకొచ్చింది. నేను పుట్టి పెరిగింది ఆ చుట్టుపక్కలే, చిన్నప్పుడు మేకల వెనకాల ఈ కొండంతా తిరిగినదాన్ని.

నాకూ ఆమెకీ పేచీలేమీ లేవు. కాకపోతే ఆమె మాట్లాడుతుంటే నేను నోరు తక్కువ విప్పుతాను. నలుగురి ముందైతే అసలు విప్పను. కొట్లో బేరం దగ్గర నన్ను గెలిచినవాళ్లు లేరు. అదే మహిళా సంఘం మీటింగులో "మీరొక నాలుగు మాటలు చెప్పండి" అన్నారో, పక్కావిడని ముందుకు తోసి నేను వెనక వరసలోకి పోతాను. ముప్పయ్యేళ్లుగా ఇదే వరస. ఎందుకని అడిగితే గొంతు బాగోలేదంటాను.

ముళ్లు విడిపించుకుని మళ్లీ రాళ్ల మెట్ల దారిలో పడ్డాను. మూడో చోట ఫోను "గజపృష్ఠాకార చైత్యగృహం" అంది. ఎదురుగా ఉన్న గుండ్రటి గోడ చూసేదాకా ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు.

"ఇదేటే బాబూ, మంత్రమా? ఏనుగు పడుకుంటే ఎనకభాగం ఎలాగుంటాదో అలాగ గుండ్రంగా కట్టినారని సెప్పకూడదేటి?" అన్నాను.

రాసుకుంది.

నాలుగో చోటా అంతే, అయిదో చోటా అంతే. ఫోను ఒకటి చెప్పడం, నేను దానిమీద కేకలేసి అసలు దారి చెప్పడం. "ఎడం సేతికి తిరుగు, గట్టు ఉన్నాది సూసుకో, ఈ రాయి మీద కూకుని ఊపిరి తీసుకో." నా వెనకాల వచ్చేది ఆమె ఒక్కతే కనుక నోటికి అడ్డూ ఆపూ లేదు. అలా వాగుతూ పైన ఇటుకల స్తూపం దగ్గరికి చేరేసరికి ఆమె నోట్‌బుక్కు మూసేసింది.

"అక్కా, ఇదంతా నువ్వే చెప్పు. నా గొంతు తీసేస్తాను."

"నీకేటి పిచ్చా?" అన్నాను. "నువ్వు బళ్లో పంతులమ్మవి. నాను బియ్యం కొలుసుకునే మనిసిని."

"కింద ఊళ్లవాళ్లకి నా మాట ఎక్కదక్కా. ఇప్పుడు చూశాగా."

"నాను సెప్పను."

"ఎందుకు చెప్పవు?"

మామూలుగా అయితే గొంతు బాగోలేదని అనేదాన్ని. కానీ ఆ పూట కొండంతా వినపడేట్టు అరుచుకుంటూ ఎక్కినదాన్ని, ఆ మాట చెల్లదు. దాంతో మా ఆయనకి కూడా చెప్పని సంగతి ఆమెకి చెప్పాల్సి వచ్చింది.

ఇరవయ్యేళ్లప్పుడు విజయనగరంలో టీచరు ట్రైనింగులో చేరాను. టీచరు కావాలని నాకెంత ఆశో చెప్పలేను, మేకలకి కూడా పాఠాలు చెప్పినదాన్ని. హాస్టల్లో నా మాట విని అందరూ "స కాదు, చ అనాలి" అని దిద్దేవారు. సెప్పు కాదు చెప్పు. సూడు కాదు చూడు. సేను కాదు చేను. ఏడాదంతా అద్దం ముందు నిలబడి నాలుకని అలా తిప్పుకున్నాను. మోడల్ లెసన్ రోజు వచ్చింది. వర్షం ఎలా పడుతుందో చెప్పాలి. ఎదురుగా పిల్లలు, వెనక బెంచీల మీద తోటివాళ్లు, పక్కన లెక్చరర్లు. భయంలో ఏ 'స' కనపడితే దాన్ని 'చ' చేసేశాను. "పిల్లలూ, చూర్యుడి వేడికి చముద్రంలో నీళ్లు ఆవిరవుతాయి" అన్నాను.

క్లాసు క్లాసంతా గొల్లుమంది. లెక్చరరు గారు జేబురుమాలు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఆ సాయంత్రం నుంచి హాస్టల్లో నా పేరు చముద్రం అయింది. వారం తిరక్కుండా పెట్టె సర్దుకుని రైలెక్కి ఇంటికొచ్చేశాను. ఒంట్లో బాగోలేదని చెప్పాను. మళ్లీ వెళ్లలేదు.

ఇదంతా విని మా తోటికోడలు ఏం చేసిందనుకున్నారు? నవ్వింది. స్తూపం గట్టు పట్టుకుని మరీ పగలబడి నవ్వింది. తల కొట్టేసినట్టయింది నాకు. చెప్పులు వేసుకుని దిగిపోబోయాను.

"ఆగక్కా, నీ మీద కాదు" అని చెయ్యి పట్టుకుంది. "నేను బళ్లో చేరిన మొదటి రోజు 'ఏందిరా ఇది' అన్నాను. ఆరో తరగతి మొత్తం పడీపడీ నవ్వింది. ఇప్పటికీ అక్కడ నా పేరు ఏందమ్మే. మళ్లీ నవ్వుతారని భయపడే ఫోన్లో అట్టా పుస్తకం చదివినట్టు చదివాను."

ఇన్నేళ్లూ ఈ పిల్ల భాష చూసి ముడుచుకున్నది నేను, మా భాష చూసి ముడుచుకున్నది తను!

"సరే గానీ అక్కా, మీ ఇంట్లో సముద్రాన్ని ఏమంటారు?" అంది.

"సముద్రమే అంటాం. ఇంకేటంటాం?"

అనేసి ఆగిపోయాను. ముప్పయ్యేళ్లు ఆ మాట తలుచుకుని ఎన్నిసార్లు దిండులో మొహం దాచుకున్నానో. మా అమ్మ ఇచ్చిన నాలుక మీద అది మొదటినుంచీ సరిగ్గానే ఉంది! దిద్దబోయి చెడగొట్టుకున్నాను. ఏడుపొచ్చింది, దాని వెనకాలే పట్టలేని కోపం. నన్ను దిద్దినవాళ్ల మీద కాదు, పెట్టె సర్దుకున్న నా మీద.

"తే ఆ ఫోను" అన్నాను.

తొమ్మిది ముక్కలూ చెప్పడానికి మధ్యాహ్నం దాటిపోయింది. గాలి హోరుకి రెండు పోయాయి, నా దగ్గుకి ఒకటి పోయింది. చివరి ముక్క స్తూపం దగ్గరే చెప్పాను. "ఇలాగ తూరుపుకి సూడండి. మన వంశధార అలాగెళ్లి కళింగపట్నం కాడ కలుస్తాది. ఆ దూరంగా మెరుస్తన్నాదే, అదే సముద్రం." ఒక్కసారికే వచ్చింది.

ఆదివారం నలభై మంది దాకా ఆడవాళ్లు వచ్చారు. ఆ గొంతు నాదని ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకుని, నేను ముందుగానే పైకెక్కి ఒక మూల కూర్చున్నాను. అందరికంటే ముందు ఒక ముసలావిడ వచ్చింది. పక్కన మనవరాలు ఫోను గట్టిగా పెట్టింది. "గట్టు ఉన్నాది సూసుకోండి" అని నా గొంతు చెబితే, "సూసుకున్నానమ్మా" అని ఆవిడ ఫోనుకి బదులు చెప్పింది. "అలిసిపోనారా, కూకోండి" అంటే "నీ కడుపు సల్లగుండ" అని కూర్చుంది. నా కళ్లు చెమ్మగిల్లాయి, ఎవరైనా చూస్తారేమోనని కొంగుతో మొహం తుడుచుకున్నాను. ఒకరి వెనక ఒకరు అందరూ పైకి చేరారు. చివరి ముక్క అయిపోయింది.

ముసలావిడ కాసేపు ఎదురుచూసింది. "తర్వాతేటి? ఇక్కడ సన్నాసులుండీవోరు అన్నాది కదా, ఆళ్లు ఏటి తినీవోరు? ఇంత ఎత్తుమీద నీల్లెక్కడివి? అడుగే."

"అయిపోనాది మామ్మా, ఫోను అంతే సెప్తాది."

"అదేటి, అలాగ మద్దిలో వదిలీసి పోతాదేటి?" అని ఆవిడ విసుక్కుంది. నలుగురు నవ్వారు.

మా తోటికోడలికి జవాబు తెలుసు, తను రాసిన పాఠమే కదా. రికార్డు చేసిన రోజు నాకూ చెప్పింది. కానీ గట్టు మీద కూర్చుని తూర్పుకి చూస్తోంది తప్ప పెదవి కదపదు. నా వైపు తిరగనైనా తిరగలేదు. పక్కన ముందుకు తోయడానికి ఎవరూ లేరు. లేచి నిలబడ్డాను.

"ఫోన్లో మాటాడింది నానే. మిగిల్నది నాను సెప్తాను, ఇలాగ తిరిగి కూకోండి" అన్నాను.

నలభై మొహాలూ ఒక్కసారి నా వైపు తిరిగాయి.