వాగిరాన్ చెప్పిన ఉత్తరం

వాగిరాన్‌కి కుడీ ఎడమలతో పనిలేదు. జావా దీవిలోని జోగ్జా ఊళ్లో పుట్టినవాళ్లెవరికైనా అంతే. ఉత్తరాన అగ్నికొండ, దక్షిణాన సముద్రం, మధ్యలో సుల్తాను కోట. అతని పెళ్లాం కూడా "పంచదార డబ్బా కాఫీ డబ్బాకి తూర్పున ఉంది చూడు" అంటుంది.

ఇరవై ఎనిమిదేళ్లుగా రిక్షా తొక్కుతున్నాడు. మనిషిని ముందు కూర్చోబెట్టి, వెనక నుంచి తొక్కుతూ ఊరు చూపిస్తాడు. ఎక్కినవాళ్లను చెప్పిన చోటికి చేర్చకుండా వదిలింది ఒక్కసారీ లేదు.

ఆ పొద్దున ఎక్కినావిడ పేరు కానాంగ్. అరవై దాటాయి. సముద్రం అవతల, వేరే దీవిలో ఉన్న మకాస్సర్ రేవులో ఎండుచేపలమ్ముతుంది. సురబాయాలో చెల్లెలింటికి వచ్చి, ఈ ఊరు చూడాలని ఒక్కత్తే రైలెక్కేసింది. మళ్లీ మూడింటి రైలుకే వెళ్లాలి. కూర్చుంటూనే అడిగింది.

"సముద్రం ఎటు నాయనా?"

"దక్షిణానికమ్మా. చాలా దూరం, కనపడదు."

"కనపడకపోతేనేం, ఎటుందో తెలిస్తే చాలు."

కోట చూసింది. గుడ్డ మీద మైనంతో పువ్వులు గీసే ఆడవాళ్ల పక్కన చతికిలబడి, "చెయ్యి వణకదేమే నీకు!" అని ముచ్చటపడింది. తర్వాత, ఒకప్పుడు సుల్తానులు జలకాలాడిన పాత నీటికోట. దాని చుట్టూ ఉన్న ఇరుకు సందుల్లోకి రిక్షా పోదు.

"చూసుకుని ఉత్తరం వాకిలికి వచ్చెయ్యండమ్మా. అక్కడుంటా" అని చెప్పి వాగిరాన్ చుట్టు తిరిగి వెళ్లాడు.

గంట దాటింది. ఆవిడ రాలేదు. ఫోనూ టిక్కెట్టూ ఉన్న సంచి మాత్రం సీట్లోనే ఉంది.

"ఏరా వాగీ, బేరాన్ని పారేసుకున్నావా? జేబులో చూసుకున్నావా?" అన్నాడు పక్క రిక్షా తుకిజో.

"నోర్ముయ్యరా. ఉత్తరం వాకిలని స్పష్టంగా చెప్పాను."

"మకాస్సరు ముసలమ్మకి మన ఉత్తరమేం తెలుసురా?"

ఇన్నేళ్లలో, ఎక్కినవాళ్లకి ఉత్తరం తెలియకపోవచ్చన్న సంగతే వాగిరాన్‌కి తట్టలేదు. ఆవిడ అడిగింది ఒక్కటే, సముద్రం ఎటని.

రిక్షా తిప్పి దక్షిణానికి తొక్కాడు.

దక్షిణపు తెల్లకమాను కింద బల్ల మీద కూర్చుని, కొబ్బరిపాలూ తాటిబెల్లం కలిపిన చల్లటి దావెత్ తాగుతోంది కానాంగ్. అమ్మే పిల్లకి చేపలెలా ఎండబెట్టాలో చెబుతోంది.

"ఉత్తరమన్నాను కదమ్మా!"

"నీ ఉత్తరం నువ్వే ఉంచుకో. ఎటు చూసినా గోడలే. సముద్రమెటని అడిగితే పసిపిల్ల నుంచి పళ్లూడినవాళ్ల దాకా ఇటే చెయ్యి చూపించారు. మా రేవులో తప్పిపోయినవాళ్లని సముద్రం వైపే వెతుకుతారు. నువ్వూ అటే వచ్చావుగా!"

వాగిరాన్‌కి నవ్వొచ్చింది. తెలియని ఊళ్లో, చేతిలో ఫోనైనా లేకుండా, బెదరని మనిషి. తప్పు తనదే, ధైర్యం ఆవిడది.

రెండుంబావు. స్టేషను ఊరికి ఆ చివర. తొక్కుతుంటే పిక్కలు పట్టేశాయి.

"దిగి నెట్టనా?"

"కూర్చోండమ్మా. నా పరువు తియ్యకండి."

రైలు కదలడానికి నాలుగు నిమిషాల ముందు ఆవిడను పెట్టెలోకి ఎక్కించాడు. సంచి అందిస్తూ టిక్కెట్టు చూశాడు.

"మీ సీటు దక్షి..." అని నాలుక కరుచుకున్నాడు. "సముద్రం వైపమ్మా."

"అలా చెప్పు" అంది కానాంగ్, తిన్నగా వెళ్లి కిటికీ దగ్గర కూర్చుంటూ.